ఒట్టి కాలికి తెలిసే బ్రేకు

తిరువళ్లూరు

సౌభాగ్యవతి మునిలక్ష్మికి నీ బావ దీవించి రాయునది.

ఇక్కడ క్షేమమని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఎంతవరకు నిజమో కిందికి చదివితే నీకే తెలుస్తుంది. పలమనేరులో నువ్వూ, మన అమ్మాయి నిత్యా, దాని పసిబిడ్డా కులాసాగా ఉన్నారని మీ తమ్ముడు నటరాజ్ చెప్పాడు. నేను ఫోనెత్తడం లేదని వాడి చేతికి ఉత్తరమిచ్చి పంపావంటే ఎంత కోపం వచ్చిందో అర్థమైంది. ఫోనులో అయితే నా నోరు తనంతట తనే ‘బాగున్నా’ అనేస్తుంది. అందుకే నేనూ కాగితం పట్టుకున్నాను.

నువ్వు అడిగిన మునగచెట్టు గాలికి విరిగింది, మొదలు దగ్గర మళ్లీ చిగురు వేస్తోంది. సాంబారు నేనే పెట్టుకుంటున్నాను, నోట్లో వేసుకున్నప్పుడల్లా నీ విలువ తెలుస్తోంది. కాలు ఎట్లుందని కూడా అడిగావు. దానికి తర్వాత వస్తాను.

వాసుదేవ సార్ అంబాసిడర్ ఇంకా మన రిపేరు షెడ్డులోనే ఉంది. వాళ్ల నాన్న కాలం నాటి బండి. ముందు చక్రాలకు పాత డ్రమ్ము బ్రేకులు తీసి డిస్కు బ్రేకులు వేశాను, వెనక డ్రమ్ములు అలాగే ఉంచాను. వేయడం పెద్ద పని కాదు, ముందూ వెనకా కుదర్చడమే ప్రాణం తీస్తోంది. గట్టిగా తొక్కితే ముందు చక్రాలు ఒక్క పిసరు ముందుగా పట్టాలి. వెనకవి ముందు పట్టాయంటే బండి గిర్రున తిరుగుతుంది. తిరుత్తణి కొండ దిగేటప్పుడు అలా జరిగితే ఇక చెప్పేదేముంది! ఆడికృత్తిక పండగ రద్దీ తగ్గాక వాళ్లమ్మను ఆ బండిలోనే కొండకు తీసుకుపోవాలని సార్ ముచ్చట.

వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గించే వాల్వు ఒకటి పెట్టాను. దాన్ని తిప్పడం, పూండి రోడ్డు మీద తొక్కి చూడడం, మళ్లీ తిప్పడం. మా మేస్త్రి నేర్పిన పద్ధతి నీకు తెలుసు కదా, చెప్పులు విప్పి ఒట్టి కాలితోనే తొక్కాలి, అరికాలికి తెలిసినంత మీటరుకు తెలియదని. ఒకరోజు కుదిరినట్టే ఉంటుంది, మరునాడు వెనక చక్రాలు కీచుమంటాయి. వాల్వును తిట్టాను. కొత్తది తెప్పించి దాన్నీ తిట్టాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టయింది. విసిగిపోయాను, మునిలక్ష్మీ.

నిన్న నాతో పనిచేసే పచ్చయ్యప్ప రోడ్డు పక్కన నిలబడి చక్రాలు చూస్తున్నాడు. బండి ఆగగానే పరుగెత్తుకొచ్చాడు.

“ఏందన్నా, ఒక్కో తూరి ఒక్కో మాదిరి తొక్కతా ఉండావే? వాల్వు మీద తప్పు లేదన్నా.” తలుపు తీసి కిందికి చూశాడు. “అయ్యయ్యో, పెడలంతా నెత్తురు! యాడ తెగింది నీకు?”

చూసుకుంటే అరికాల్లో ఇనుప పెళ్ల దిగి ఉంది. షెడ్డులోనే గుచ్చుకుని ఉంటుంది. నొప్పి లేదు, మంట లేదు, నాకు తెలియనే లేదు.

కాలు బాగుందని నీకు చెప్పిందంతా అబద్ధం. ఉగాది ముందు నుంచే మొద్దుబారిపోయింది. షుగర్ వల్లేనని తెలుసు. డాక్టరు పని మానమంటాడని పోలేదు. ఎంత తొక్కుతున్నానో తెలియని కాలితో ఊళ్లో వాళ్ల బళ్లకు బ్రేకులు సరిచూశాను. ఆ బళ్లన్నీ వెనక్కి తెమ్మని పచ్చయ్యప్పతో కబురు పెట్టించాను.

వాసుదేవ సార్‌కూ ఉన్నదున్నట్టు చెప్పి, బండి ఇంకెక్కడికైనా తీసుకుపొమ్మన్నాను. ఆయన తీసుకుపోలేదు. “మొదట కాలు చూపించుకో జయరామ్. అందాకా అమ్మ కాచుకుంటాది” అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

ఇక్కడి చిన్నాసుపత్రిలో గాయానికి కట్టు కట్టారు. పెద్దాసుపత్రికి రమ్మంటున్నారు, ఒక్కణ్ణే పోవడానికి ధైర్యం చాలడం లేదు. బిడ్డను చూసుకోవడానికి నిత్య అత్తగారు వచ్చాక నువ్వు ఒకసారి వచ్చిపో. ఆసుపత్రి అయ్యాక ఇంకో పని ఉంది. స్కూలు వ్యాను నడిపిన కాలు నీది. అంబాసిడర్ స్టీరింగు దగ్గర నువ్వు కూర్చో, తొక్కి ఎట్లుందో చెప్పు, నేను వాల్వు తిప్పుతాను. ఇన్నేళ్లూ నువ్వు బండి నడుపుతుంటే పక్కన కూర్చుని ‘మెల్లగా, మెల్లగా’ అని నీ ప్రాణం తీశాను. ఈసారి నోరెత్తను. నువ్వు కుదిరిందంటే కుదిరినట్టే.

ఇట్లు,
నీ కోసం ఎదురుచూసే బావ,
జయరామ్