వందకి నాలుగు డేగలు కొసరు

అంబాజీపేట,
15-10-1979

వలస పక్షుల లెక్కల సంఘం కార్యదర్శి గోవిందరాజులు గారికి, రిటైర్డు సైన్సు మాస్టారు సాలమోను వందనాలు.

చలికాలం ముందు మా కోనసీమ మీదుగా దక్షిణానికి పోయే డేగల్ని లెక్కపెట్టమని తమరు నన్ను నమ్మి రిజిస్టరు, బైనాక్యులర్సు పంపేరు. కొబ్బరి గోదాం డాబా ఎక్కి పని మొదలెట్టేం. మొదటివారం 104. రెండోవారం 208. ఒక్కటి కూడా మా కన్నుగప్పి పోలేదండి.

తమ విధేయుడు,
సాలమోను

తా.క. పక్కింటి చూరు మీదికి రోజూ ఓ గద్ద వస్తుంది. అది వలసది కాదు, మా చేపల మీద బతుకుతోంది. దాన్ని చేర్చలేదు.

హైదరాబాదు,
20-10-1979

అయ్యా,

మీ లెక్క అందినది. మొదటివారము 104, రెండవవారము సరిగ్గా దానికి రెట్టింపు. డేగలు ముందుగా మాట్లాడుకొని బయలుదేరుచున్నవా? "మొదలెట్టేం" అని వ్రాసితిరి. మీతో కూడిన ఆ రెండవ మనిషి ఎవరు? సంజాయిషీ పంపవలెను.

ఇట్లు,
గోవిందరాజులు, కార్యదర్శి

తా.క. పక్కింటి గద్దతో సంఘమునకు నిమిత్తము లేదు.

అంబాజీపేట,
25-10-1979

గోవిందరాజులు గారి సముఖానికి,

తమరి దగ్గర దాపరికం దేనికండీ. నా కళ్ళకి శుక్లాలు. కాయితం కళ్ళకానించుకుంటే అక్షరాలు కనపడతాయి, దూరంవి ఆనవు. డాబా ఎక్కిన మాట నిజమే గాని, నాకు ఆకాశమూ గోదాం రేకూ ఒక్కలాగే ఉంటాయి. చూసేది సింహాద్రి. ముప్పై ఏళ్ళుగా లారీలకెత్తే కొబ్బరికాయలు లెక్కపెడుతున్నాడు. వందకి నాలుగు కాయలు కొసరు వెయ్యడం అతని అలవాటు. ఉత్త వంద ఇస్తే నలుగురూ నవ్వరూ? హైదరాబాదు పెద్దమనుషులకి తక్కువ చెయ్యకూడదని డేగలకీ నాలుగేసి వేసేడు. చిన్నసైజు కాయలు రెండేసి కలిపి ఒకటి కట్టినట్టే, పిల్ల డేగల్నీ రెండేసి కలిపి ఒకటి కట్టేడు.

తమ విధేయుడు,
సాలమోను

తా.క. ఒకదానికి రెక్క చిరిగి ఉందిట. చెడ్డకాయ కింద తీసి పక్కన పెట్టేడు. ఆకాశంలో పక్కనెక్కడ పెట్టేవని నేనడగలేదు.

హైదరాబాదు,
31-10-1979

మాస్టారూ!

డేగలకు కొసరేమిటండీ! ఎగిరినవెన్నో అన్నే వ్రాయవలెను. ఇదివరకు వేసిన కొసరు వెంటనే తీసివేయవలెను. మరల ఇటువంటిది జరిగినచో రిజిస్టరు, బైనాక్యులర్సు వాపసు తీసుకొని మీ కేంద్రమును రద్దు చేయుదును.

గోవిందరాజులు

తా.క. పిల్ల డేగ కూడ ఒక డేగయే.

అంబాజీపేట,
6-11-1979

అయ్యా, తమరి ఆజ్ఞ శిరసావహించేను.

ఉత్తరం చదివి వినిపిస్తే సింహాద్రి అలిగి రెండ్రోజులు డాబా ఎక్కలేదు. మూడోనాడొచ్చి, "వేసిన కొసరు వెనక్కి తియ్యడం నేనెక్కడా వినలేదండి మాస్టారూ. ఆయ్, తీసేస్తాను, రాసుకోండి" అన్నాడు. ముసురు పట్టి ఈ వారం ఒక్క డేగా రాలేదు. పాత కొసరు నాలుగూ ఎనిమిదీ తీసేసేం. అంచేత ఈ వారం వచ్చిన డేగలు: మైనస్ పన్నెండు.

రిజిస్టరు మాత్రం తీసుకోకండి బాబూ. నేను రిటైరయ్యి ఏడేళ్ళు. కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా నన్నడిగేవాళ్ళు లేరు. డేగలెన్ని అని అడిగింది తమరొక్కరే. ఇప్పుడు రిజిస్టరు చంకన పెట్టుకుని బజారుకెడితే, "ఇవాళెన్నండి మాస్టారూ?" అని జనం ఆపి మరీ అడుగుతున్నారు. నాకు ప్రాణం లేచొస్తోందండి.

తమ విధేయుడు,
సాలమోను

తా.క. మైనస్ డేగల్ని ఎర్రసిరాతో రాసేను.

హైదరాబాదు,
10-11-1979

అయ్యా,

మైనస్ పన్నెండు డేగలు! అది చదివి మా అధ్యక్షులవారు నన్ను కమిటీ ముందర పావుగంట నిలబెట్టినారు. 17వ తేదీ శనివారము నేనే వచ్చి, డాబా ఎక్కి, నా రెండు కళ్ళతో లెక్కించెదను. రిజిస్టరు, బైనాక్యులర్సు సిద్ధముగా ఉంచుడు. తీసుకొనిపోవుదును.

గోవిందరాజులు

తా.క. నాకు మర్యాదలేమియు చేయరాదు. మంచినీళ్ళు చాలును.

హైదరాబాదు,
20-11-1979

ప్రియమైన మాస్టారు గారికి నమస్కారాలు.

ఇది ఆఫీసు ఉత్తరం కాదండీ. ఆ శనివారం మీ ఆవిడ దీనమ్మగారు మంచినీళ్ళతో పాటు రొయ్యల ఇగురు, చేపల పులుసు, గడ్డపెరుగు వడ్డించారు. "ఇంకొక్క ముద్దండీ" అంటూ ఎన్ని వేశారో లెక్క తెలియలేదు. డాబా మీద పడక్కుర్చీలో వాలాను. కళ్ళు తెరిస్తే సాయంత్రం నాలుగున్నర. ఎన్ని పోయాయని మిమ్మల్నే అడగడానికి సిగ్గేసి, రిజిస్టరు సంగతి కూడా మరిచి బస్సెక్కేశాను.

ఇక్కడికొచ్చాక అధ్యక్షులవారికి, "స్వయంగా చూసినవి ఐదు వందలు" అని రాసిచ్చేశాను. అది అచ్చుకి పోతోంది. మీ రిజిస్టరులోనూ ఆ తేదీకి ఐదు వందలే వెయ్యండి. మీ కేంద్రం, బైనాక్యులర్సు శాశ్వతంగా మీవే. ఐదు వందలు వెయ్యకపోతే నా ఉద్యోగం ఊడుతుంది మాస్టారూ.

మీవాడు,
గోవిందరాజులు

తా.క. ఈ ఉత్తరం చించెయ్యండి.

అంబాజీపేట,
25-11-1979

గోవిందరాజులు గారికి వందనాలు.

తమ ఉత్తరం చించేసేను. కాకపోతే, ముందు సింహాద్రికి చదివి వినిపించేను. అతను చెప్పందే నేనేదీ రాయను. తమరు నిద్రలో ఉండగా పోయినవి, పిల్లల్ని విడివిడిగా కట్టినా, డెబ్బై మూడండి. అదే రాసేను. ఐదు వందలు రాద్దామని కలం తీసేను గాని, చెయ్యి రాలేదు. తమరు రద్దు చేసేదాకా ఉండటం దేనికని రిజిస్టరు, బైనాక్యులర్సు గుడ్డలో పెట్టి కుట్టించేను. రేపు పార్సిలు చేస్తాను. కుట్టిస్తుంటే ఏడుపొచ్చిందండి.

సెలవు,
సాలమోను

తా.క. సింహాద్రికి తమరి మీద కోపం పూర్తిగా పోయింది. "డెబ్బై మూడుకి నాలుగు వందల ఇరవై ఏడు కొసరా! ఎంత ధర్మాత్ములండీ! ఉద్యోగం ఊడితే బెంగెట్టుకోవద్దనండి, కాయల లెక్కకి నా పక్కన కూచోబెట్టుకుంటాను. కొనేవాళ్ళు ఎగబడిపోతారు" అని, తమరు ఏ బస్సుకి దిగుతారో కనుక్కోమంటున్నాడు.