మా వీధి మధ్య వార్డు గీత

1995 ఏప్రిల్ 10, సోమవారం

పొద్దున్నే మా పిండిమరకి గోధుమలు తెచ్చింది గౌసియా. మా వరస చివర, వీధి మూల ఇంట్లో మిషను కుట్టే మనిషి, బజారు కబుర్లన్నీ ముందు ఆవిడకే తెలుస్తాయి. మర మోతలోనే గట్టిగా చెప్పింది — పంచాయతీ ఆఫీసు గోడకి కొత్త వార్డుల కాగితం అంటించారట. మన వీధిని మళ్లీ మధ్యకి కోశారట. మా వరస మూడో వార్డు, ఎదుటి వరస నాలుగు.

ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా ఇదే గొడవ. కాలువ పూడిపోయిందని మూడో వార్డు మెంబరుకి చెబితే అది ఆ వరసోళ్లది అంటాడు. నాలుగో ఆయన ఈ వరసోళ్లది అంటాడు. వానొస్తే ఆ నీళ్లు మాత్రం ఎవర్నీ అడక్కుండా నా వంటింట్లోకి వస్తాయి.

వెళ్తూ వెళ్తూ అంది — "రాసిస్తే మారుస్తారంట వదినా. కాగితం అడుగునుంది, అభ్యంతరాలుంటే ఇయ్యండని."

నిజమేనా… రాసిస్తే మార్చారని నేనెప్పుడూ వినలేదు.

ఏప్రిల్ 11

ఇద్దరం ఇంటింటికీ తిరిగాం. సంతకమంటే భయం ఒక్కొక్కరికీ. "ఏలిముద్రెడితే ఇంటి పన్ను పెరిగిపోద్దేటమ్మా?" తల ప్రాణం తోకకొచ్చింది. నేను విసుక్కుంటూ వచ్చేశాను. గౌసియా మళ్లీ వెనక్కెళ్లి, వాళ్ల అరుగుల మీద కూర్చుని, మొదటినుంచీ చెప్పుకొచ్చింది. ఆ ఓపిక దేవుడు నాకివ్వలేదు.

ఏప్రిల్ 12

అర్జీ రాత. గౌసియా గుడ్డలు కత్తిరించే బల్ల మీద. తనే రాసింది.

రెండు వరసలూ ఒకటే వీధని ఎలా చెప్పాలి? కాలువ ఒకటేనని రాయమంది ఒకావిడ. కుళాయి ఒకటేనని ఇంకొకావిడ. అందరూ ఒక్కసారే మాట్లాడతారు, ఏమీ తేలదు.

పైడమ్మత్త — ఎదుటి వరసలో అందరికన్నా పెద్దావిడ — గుమ్మంలో కూర్చుని అంతా విని, నోట్లో చుట్ట తీసి అంది. "మనీదిలో సావొస్తే, శవం లేసేదాకా ఏయే ఇళ్లల్లో పొయ్యెలగదో ఆ ఇళ్లన్నీ ఒకటే ఈది. అది రాయండే."

నవ్వబోయి ఆగిపోయాను. అదే రాశాం. అందరూ సంతకాలో వేలిముద్రలో పెట్టారు.

ఏప్రిల్ 13

ఇచ్చేశాం. గుమాస్తా అర్జీ సొరుగులో పడేయబోతే — "అందినట్టు ఓ ముక్క రాసియ్యండి బాబూ" — గౌసియా. రేపు రమ్మన్నాడు. కదల్లేదు. ముద్ర వేసి ఇచ్చేదాకా అక్కడే నిలబడింది. నేనొక్కదాన్నే అయితే తలూపి వచ్చేసేదాన్ని. అనకాపల్లి నుంచి ఈ మనిషి మా వీధికి కోడలిగా రావడం మా అదృష్టం, అంతే.

ఏప్రిల్ 15

కరెంటు లేదు. మర తిరగలేదు. ఆఫీసు నుంచి కబురూ లేదు.

ఏప్రిల్ 18, మంగళవారం

ఆఫీసరు వచ్చాడు. నిజంగా వచ్చాడు. ఎండలో గొడుగు కూడా లేకుండా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. మజ్జిగ ఇస్తే తాగాడు.

"ఈ పొయ్యిల సంగతేమిటమ్మా?" అని అర్జీ చూపించాడు. ఎవరూ జవాబు చెప్పకముందే తనే అడుగుతూ వెళ్లాడు — ఈమధ్య ఈ వీధిలో ఎవరు పోయారు, ఆ రోజు మీ ఇంట్లో వండారా అని. "నేదు బాబూ, ఆయన్ని మోసుకెళ్లేదాకా ఎలిగించనేదు." రెండు వరసల్లోనూ అదే మాట. గౌసియాని అడిగాడు. "మేమూ ఎలిగించలేదు సార్. పిల్లలకి బన్నులు తెచ్చి ఎట్టేను."

ఆయన అర్జీ మడిచాడు. తర్వాత నెమ్మదిగా — వీధి ఒకటే, ఒప్పుకుంటాను. కానీ వార్డుల్లో జనం ఇంచుమించు సమానంగా ఉండాలి. ఆ వరసని ఇటు కలిపితే ఇటునుంచి కొన్ని ఇళ్లు అటు పోవాలి. ఏవి పోతాయో మీరే చెప్పండి…

అందరూ ఒక్కో అడుగు వెనక్కి.

"మా మూల తీసెయ్యండి సార్" — గౌసియా. "మాదీ, మా మరిదాళ్లదీ, ఆ పక్కనున్నయ్యీ. మాకు ఎత్తు మీద ఇల్లు. కాలవ నీళ్లు రావు."

వద్దని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఏప్రిల్ 19

రాత్రి ఈయన అన్నారు — "ఆవిడ మంచిది గాబట్టి అనేసింది. నువ్వూరుకున్నావేటి?"



ఏప్రిల్ 26

కొత్త కాగితం అంటించారు. మా వీధి మొత్తం మూడో వార్డు. మూల ఇళ్లు మాత్రం నాలుగో వార్డు.

పైడమ్మత్త ఇంటింటికీ బెల్లం ముక్క పంచింది, గౌసియా ఇంటికి ముందుగా. ఒక్క కాగితం ముక్కకి ఆఫీసరు నడిచి వచ్చాడు, గీత జరిగింది. మా మాట కూడా లెక్కలోకి వస్తుందని ఇన్నేళ్లకి తెలిసింది. మనసు నిండుగా ఉంది. ఆ నిండుతనంలో ఎక్కడో ఒక ముల్లు.

సాయంత్రం వెళ్లి అన్నాను, నీకు అన్యాయం జరిగింది గౌసియా అని. మిషను ఆపలేదు. "ఓటెక్కడేస్తే ఏటి వదినా? ఇల్లక్కడే ఉంటాది గదా."

ఏప్రిల్ 30, ఆదివారం

వచ్చే ఎన్నికల్లో మూడో వార్డు మెంబరు సీటు ఆడవాళ్లకి వచ్చిందట. మధ్యాహ్నం వీధంతా మర దగ్గర చేరింది. నన్ను నిలబడమంటున్నారు. "నీకే నోరుంది. నువ్వే ఉండాలి." నోరుందన్నది పొగడ్తో, తిట్టో.

గౌసియా దగ్గరికెళ్లాను. చేసిందంతా నువ్వు, నేను నిలబడటమేమిటి అన్నాను.

"నిలబడు వదినా. రాతకోతలు నేను సూసుకుంటాను. మా వార్డుకీ ఎవర్నో ఒకర్ని ఎతుక్కోవాలి గదా, నువ్వొచ్చి సాయం సెయ్యి." అని, దారం కొరికి, నా కొత్త జాకెట్టు మడిచి చేతికిచ్చింది.

పెద్ద నోరున్నదాన్ని. మా వీధిలో ఎవరు నాకు వేస్తారో, ఎవరు వెయ్యరో… నా మాటలు పడినవాళ్లు తక్కువేం కాదు. నాకు ఖాయంగా పడే ఓటు ఏదైనా ఉందంటే అది గౌసియాదే. అది నాలుగో వార్డులో ఉంది.

రేపు పొద్దున్న వాళ్లంతా మళ్లీ వస్తారు. ఏం చెప్పను…