ఈడ నుంచి గట్టిగా చదవాకు

భివండి,
1989, శ్రావణ మాసం.

ఎమ్మిగనూరులో ఉండే అక్క రుక్మిణమ్మకు, బావకు తమ్ముడు నరసింహులు దండం పెట్టి రాసేది. నేనీడ కులాసాగానే ఉండాను. మీరంతా బాగుండారా? బావ మోకాళ్ళ నొప్పి ఎట్లుండాది? గుంత మగ్గంలో కాళ్ళు పెట్టి అంతసేపు కూచోవద్దని నా మాటగా చెప్పు. ఆయన వినడులే, అయినా చెప్పు.

ఈడ ఒగటే వాన. మరమగ్గాల సప్పుడు గదికొచ్చినా చెవుల్లోనే ఉంటాది. తిండికి లోటు లేదక్కా, దిగులు పడాకు. ఖానావళిలో జొన్నరొట్టె పెడతారు గానీ, నువ్వు రోట్లో నూరే బుడ్డల ఊరిబిండి, ఆ శెనక్కాయల పచ్చడి యాడ దొరకాల? ఎవురన్నా ఇట్ల వచ్చేవాళ్ళుంటే ఇంత పంపించు.

నేను వచ్చేముందు మీ మగ్గం మీద నేసి పెట్టెలో పెట్టిన ఎర్ర చీరను ఎండకు ఆరేసినావని రాయించినావు. కార్తీకంలో ముహూర్తం చూడాల్నా అని అడిగినావు. ఆ సంగతికే వస్తాండాను.

పద్మా, మీ అమ్మకు ఉత్తరం చదివి వినిపించేది నువ్వే కదా. ఈడ నుంచి గట్టిగా చదవాకు. ఈ మాట గూడ గట్టిగా చదివేసింటావు, నీ తెలివి నాకు తెల్దా! అమ్మ అడిగితే ఇప్పటికి మామ వానల గురించి రాసినాడని చెప్పు. ముందు నువ్వు తెలుసుకోవాల, తాళికి మెడ వంచాల్సింది నువ్వు కాబట్టి.

రెండు నెలల కిందట మా పక్క మగ్గం ఆయప్ప చెయ్యి మిషన్లో పడింది. రక్తమిచ్చేదానికి నేనూ పోయినా. తర్వాత ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. రెండోసారి పరీక్ష చేసినా అదే తేలింది. నా రక్తంలో హెచ్.ఐ.వి. ఉండాది. ముదిరితే ఎయిడ్స్ అంటారంట. నయం చేసే మందు లేదంట.

"సార్, నేను ఆ వీధులకు ఎప్పుడూ పోలేదు" అంటి. "వీధితో పనిలేదయ్యా, ఒక్క మనిషి చాలు" అన్నాడు డాక్టరు.

ఆ ఒక్క మనిషి వారపత్రికలో కలంస్నేహం పేజీలో దొరికింది. బొంబాయిలో ఉండే మన తెలుగామె. ఏడాది రాసుకున్నాము, తర్వాత నాలుగుసార్లు కలిసినాము. కలిసినామంటే నీకు అర్థమైతాది, రాసేదానికి నాకు సిగ్గు. ఆమె అక్షరాలు అచ్చుగుద్దినట్టుండేవి. ఇంత శుద్ధంగా రాసే మనిషికి రోగమేంది అనుకుంటి. నిరోధ్ అంటే పిల్లలు చాలనుకున్న మొగుడూ పెండ్లాలకే అనుకుంటి. ఎంత మొద్దును! ఆమెను తిట్టను, ఆమెకు తెలుసో లేదో. పరీక్ష చేయించుకోమని రాస్తే, ఆ ఇంట్లో లేదని ఉత్తరం తిరిగొచ్చింది.

నువ్వు పుట్టిన దినమే నిన్ను నాకనుకున్నారు. అది తెలిసి గూడ ఇట్ల చేసినా. నన్ను నేను ఎంత తిట్టుకున్నా తీరలేదు పద్మా.

నీ స్నేహితురాలు సుజాత గూడ ఆ పేజీలో పేరు వేయించుకున్నదని నవ్వుకుంటా రాసినావే, దానికి చెప్పు. రాసుకోనీ, తప్పులేదు. అక్షరం చూసి, ఫొటో చూసి మాత్రం మనిషిని నమ్మొద్దను. చూస్తే తెలిసే రోగం కాదిది. పరీక్ష ఉండాది, నిరోధ్ ఉండాది. అడిగేదానికి సిగ్గుపడి నా మాదిరి కావద్దను.

ముట్టుకుంటే, కలిసి తింటే రాదంట. ఈ కాగితం పట్టుకున్నా ఏం కాదు. అయినా స్టాంపుకు నాలుక తగలనీకుండా నీళ్ళతో అంటించినా, నా భయం నాది.

"మామ నాకొద్దు" అని నిన్నే అనమందామనుకున్నా. అట్ల రాసి, చించేసినా. నా తప్పుకు నువ్వెందుకు మాట పడాల?

ఇంక గట్టిగా చదువమ్మా.

అక్కా, ముహూర్తం చూడాకు. తప్పు నాది, పద్మది రవ్వంత గూడ లేదు. ఎందుకో అది చెప్తాది. చెప్పలేక ఏడిస్తే గదమాయించాకు. దానికి మంచి పిల్లోన్ని చూడు. పెద్దలందరికీ నా దండాలు. కోపం తగ్గినాక నన్నూ ఒగసారి దీవించు.

ఆ ఎర్ర చీర మళ్ళా పెట్టెలో పెట్టి మర్చిపోవాకు. అది పద్మ పెండ్లికని నేసింది. పద్మ పెండ్లికే కట్టించు.

నీ తమ్ముడు,
నరసింహులు