రంగూన్ మిద్దెలో పావడాలు

రాజంపేట,
శుక్రవారం.

పీరమ్మకు సలాం.

అల్లా దయవల్ల నేను, రుఖియా, మనవరాలు కులాసాగా ఉన్నాము. దోహాలో నువ్వు కూడా వేళకు ఇంత తిని, బాగున్నావని తలుస్తాను.

ఫోను ఉండగా ఈ జాబు ఎందుకని అనుకుంటావు. నువ్వు ఫోను చేసినప్పుడల్లా నువ్వు వంట చేసే ఇంటివాళ్లు ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. ఇక్కడ నాకూ నోరు పెగలదు. మన వీధి చాంద్ ఆదివారం దోహాకు తిరిగి విమానమెక్కుతున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను.

చాంద్ వచ్చేటప్పుడు నువ్వు పంపిన జాబులో అడిగినవాటికి ముందు చెబుతాను. షుగరు మాత్రలు మానలేదు. బడులు తెరిచారు కాబట్టి కుట్టుపని బాగానే వస్తోంది. రుఖియా బిడ్డకు పళ్లు వస్తున్నాయి. నీ ఫోటో చూపిస్తే అరచేత్తో టపటపా కొడుతుంది. ఆకాశంలో క్షిపణులు పేలినప్పుడు అందరూ కింది గదిలో కూర్చున్నారని, భయమేమీ లేదని రాశావు. ఆ ఒక్క మాట నేను నమ్మలేదు.

పోయిన వారం రుఖియాను చూద్దామని మైదుకూరులో బస్సు మారి కోయిలకుంట్లలో దాని అత్తగారింటికి పోయాను. మధ్యాహ్నం తల్లీబిడ్డలు పడుకుంటే తోచక బయటికి నడిచాను. పాత వీధిలో నాపరాతి మెట్లతో ఒక పెద్ద ఇల్లు తలుపులు తెరిచి ఉంది. వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తున్న పెద్దామె నన్ను చూసింది.

"ఏమప్పా, ఆడే నిలబడి చూస్తాండావు? లోపలికి రా. రంగూన్ మిద్దె చూసేకి శానామంది వస్తారు."

ఆమె పేరు నాగలక్ష్మమ్మ. ఇల్లు కట్టించిన ఓబుళయ్య ఆమె తాతకు తమ్ముడు. రంగూన్‌లో బియ్యం మిల్లు గుమాస్తా. భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఆయన దగ్గరే ఉండేవాళ్లు. అందరూ సొంత ఊరు చేరాలని డబ్బు పంపి, అన్న చేత ఈ ఇల్లు కట్టించాడు. ఇల్లు పూర్తయ్యేసరికి యుద్ధం వచ్చింది. జపాను విమానాలు బాంబులు వేసినప్పుడు ఆ తల్లీ పిల్లలు సంతలో ఉన్నారు.

"శవాలు గూడా దొరకలేదంట," అంది నాగలక్ష్మమ్మ. "అడవులెంబడి నడిచి ఆయనొక్కడే వచ్చినాడు. ఈడేమో గృహప్రవేశానికి అన్నీ సిద్ధంగా ఉండాయి."

లోపల ఒక టేకు పెట్టె తెరిచి చూపించింది. రెండు ఆకుపచ్చ పావడాలు. పిల్లలు వస్తే కట్టుకుంటారని వాళ్ల పెద్దమ్మ కుట్టించిందట. దర్జీని కదా, చేయి ఊరుకోక అంచు తిప్పి చూశాను. లోపల బెత్తెడు గుడ్డ మడిచి కుట్టి ఉంది. ఎదిగే పిల్లలకు మేము ఇప్పటికీ అలాగే వదులుతాము, పొడుగైనప్పుడు విప్పుకోవడానికి. ఆ కుట్టు ఎవరూ విప్పలేదు. చాలాసేపు ఆ గుడ్డ వదలలేకపోయాను.

"ఆయన ఏ గదిలో ఉండేవాడమ్మా?" అని అడిగాను.

"గదిలో యాడ? సచ్చిపోయేదాకా బయట అరుగు మీదే. వానొచ్చినా లోపలికి రాలేదు. వాళ్లు లేంది నాకేం పని లోపల, అనేటోడంట."

తిరుగు బస్సులో ఆ మాట నన్ను వదల్లేదు.

పీరమ్మా, నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. నీ కష్టంతో కట్టిన కొత్త ఇంట్లో నేను ఉండడం లేదు. ఇంట్లో చేరేటప్పుడు ఫాతిహా చదివించిన రోజు ఒక్కరోజే అక్కడ పడుకున్నాను. ఆ తర్వాత అంగట్లోనే, కుట్టు మిషను పక్కన చాప వేసుకుంటున్నాను. నువ్వు ఫోను చేసే వేళకు ఇంటికి పోయి, లైటు వేసి, గోడ కనబడేలా కూర్చుని మాట్లాడతాను.

పై అంతస్తు కోసం ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉండనా అని నువ్వు అడిగితే "నీ ఇష్టం" అన్నాను. నా ఇష్టం చెప్పడానికి సిగ్గుపడ్డాను. పెళ్లాం సంపాదిస్తుంటే వద్దనే మొగుడిని చూసి నవ్వుతారని.

మొన్న బాలస్వామి మేస్త్రిని పిలిచి, పై అంతస్తు కోసం మన మిద్దె మీద నిలబెట్టిన ఇనుప కమ్ములన్నీ కోసేయమన్నాను.

"పిచ్చి పట్టిందా సాయిబూ? రేపు పైన కట్టాలంటే ఎట్ల?" అన్నాడు.

"కట్టేది లేదు బాలస్వామీ. మా ఇంటామెను వచ్చేయమంటాండా."

నిన్న కోసేశాడు. నువ్వు ఆ రెండేళ్ల పని ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టవద్దు. వచ్చెయ్.

ఇది చదివాక ఫోను చెయ్యి. ఏ వేళకైనా చెయ్యి, ఇంటికి పోయేదాకా ఆగమనను. అంగట్లోంచే మాట్లాడతాను.

ఇట్లు,
రుఖియా నాయన,
ఖాసిం సాహెబ్