నువ్వు తీసిన చీటీ

మదీనాగూడ,
జూలై 7, సోమవారం.

చిరంజీవి కిరణ్ పాల్‌కు,

ప్రభువు నామంలో అమ్మ దీవించి రాస్తున్నది. నీ ఉత్తరం గురువారం అందింది. అక్కడ నువ్వూ, ఇమ్మాన్యుయేల్ మామయ్యా ఆరోగ్యంగా ఉన్నారని చదివి దేవునికి వందనాలు చెప్పుకున్నాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నాన్న కుడిచేతికి ఆరు కుట్లు పడ్డాయి. అది తప్ప క్షేమమే.

కంగారుపడకు. అన్నీ వరుసగా రాస్తాను. నీ ఫోను నాన్న నేలకేసి కొట్టినప్పటి నుంచి మనకు ఉత్తరాలే దిక్కయ్యాయి. మామయ్య ఫోనుకు చేసి చెప్పవచ్చు. కానీ నా గొంతు నీకు తెలుసు కదా, సగంలోనే ఆగిపోతుంది. క్రెష్‌లో నేను చూసుకునే పిల్లలందరూ మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. లేచేలోపల రాయాలి.

ముందు నువ్వు అడిగినవి చెబుతాను. పోచమ్మ పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. దవాఖానలో కట్టిన పట్టీ జారిపోతోందట. "మా పిల్లగాడు కట్టింది వారం దినాలైనా కదలకపోతుండె" అని పక్కింటి వాళ్ళందరికీ చెబుతోంది. క్రెష్‌లో కొత్తగా కవలలు చేరారు. వాళ్ళలో ఒకడు కొరుకుతాడు, నా మోచేతి మీద వాడి పళ్ళ గుర్తులున్నాయి. జాయ్స్ ఏ గ్రూపు తీసుకుందని అడిగావు. దాని సంగతి కొంచెం తర్వాత రాస్తాను.

వానలకు మణికట్టు సలుపుతోందని రాశావు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను, నాయనా. మే నెలలో ఇంజనీరింగ్ పరీక్షలో నీకు ర్యాంకు సరిగ్గా రాని మధ్యాహ్నం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నాన్న సెక్యూరిటీ డ్యూటీ నుంచి వచ్చి చొక్కా కూడా విప్పలేదు. యూనిఫాం బెల్టు లాగి, ఇత్తడి బకిల్ ఉన్న వైపుతోనే కొట్టారు. "దేవుడే చదవమన్న చదువురా ఇది! దేవుడి మాటకే ఎదురు తిరుగుతావా?" అని ఒక్కో మాటకూ ఒక్కో దెబ్బ. నువ్వు బయటికి పరిగెత్తావు, ఆయన ఇనుప గ్రిల్లు తలుపు తోశారు, నీ చెయ్యి మధ్యలో ఉంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చెరుకుగడ మోకాలికేసి విరిచినట్టు.

ఆ కేకలకు పక్కింట్లోంచి పోచమ్మ పెద్దమ్మ నీళ్ళ బిందె పట్టుకునే వచ్చేసింది.

"ఏందన్నా గిది! పిల్లగాన్ని సంపుతవా ఏంది?"

"నువ్వు జరుగమ్మా. ఇది మాకూ మా దేవుడికీ సంబంధించింది."

"మీ దేవుడు తోలు వీకుమన్నడా? ఏ పేజీల రాసి ఉన్నదో జర సూపియ్ నాకు!"

అంటూనే ఆ స్టీలు బిందె ఆయన వీపు మీద వేసింది. నీళ్ళూ నీ నెత్తురూ కలిసి గడప దాకా పారాయి. అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వేందమ్మా, మూలకు నిలవడి కండ్లు మూసుకున్నవ్? ప్రార్థన తర్వాత జేస్కో, ముందుగాల పిల్లగాని చెయ్యి పట్టు!"

నేను ప్రార్థన చేయడం లేదు, కిరణ్. ఆయన్ని ఆపగలిగే మాట నా ఒక్కదాని దగ్గరే ఉంది. అది నోటి దాకా వచ్చి రావడం లేదు. అందుకే కళ్ళు మూసుకున్నాను. ఆ రాత్రే నువ్వు చేతికి కట్టుతో మామయ్య దగ్గరికి వెళ్ళిపోయావు.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతి. నేను స్నానానికి వెళ్ళినప్పుడు వచ్చింది, నాన్నే విప్పారు. నువ్వు మామయ్యతో వార్డులో సాయం చేసే మిషన్ ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన నర్సింగ్ ఫారం కూడా అందులో పెట్టావు కదా. "ఇది నా దగ్గరుంటే మనసు లాగుతోంది అమ్మా, నీకు పంపిస్తున్నాను, నువ్వే చించెయ్" అని రాశావు. ఆయన నీ ఉత్తరం చదవలేదు. ఫారం ఒక్కటే చూశారు. నీ స్కూలు మెడల్స్ పెట్టిన షోకేసు ముందు నిలబడి, "పుళ్ళు కడిగే పనికి పోతాడా నా కొడుకు" అని అద్దంలోకి పిడికిలి దించారు. ఒకసారి కాదు, మూడుసార్లు. రెండోసారికే అద్దం లేదు, ఉన్నవి మొనలే. అయినా కొట్టారు. నేను చీర చెంగుతో చెయ్యి చుట్టి ఆటో ఎక్కించాను.

తిరిగొచ్చాక నేల తుడుస్తూ నీ ఉత్తరం చదివాను. "చీటీలో దేవుడు చెప్పిన దాన్ని వదిలేసి మనసు వేరేచోట పెట్టాను, అందుకే ఈ దెబ్బలన్నీ. హాస్టల్లో సారు పైపుతో కొట్టినా, నాన్న బెల్టుతో కొట్టినా, అది దేవుడు నన్ను దారికి తేవడానికే. పదిహేనో తారీఖు బండెక్కుతాను. ఇంకో ఏడాది కోచింగ్‌లో కూర్చుంటాను. కొట్టినా సరే." ఈ ఐదు వాక్యాలు చదివి, గాజుముక్కల మధ్యనే కూర్చుండిపోయాను.

నిన్న ఆదివారం కొండాపూర్ చర్చిలో మన యూత్ క్లాసుకు జాయ్స్ చెంప మీద నాలుగు వేళ్ళ గుర్తులతో వచ్చింది.

"ఏమైందమ్మా మొహానికి?" అన్నాను.

"మా డాడీ గిఫ్ట్ ఆంటీ. లా చదువుతానన్నాను, కోర్టుకు పోకముందే తీర్పు ఇచ్చేశాడు."

పిల్లలందరూ నవ్వారు. అదీ నవ్వింది, నవ్వితే చెంప నొప్పిపెట్టి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత బ్యాగులోంచి చిన్న కవరు తీసింది.

"మీరు కిరణన్నకి చేసినట్టే నాకూ ప్రార్థన చేసి చీటీ తీయించాలంట. డాడీయే రాసిచ్చాడు. ఏది వస్తే అది దేవుని చిత్తం, ఇంక మాట్లాడొద్దన్నాడు."

అలవాటు కొద్దీ నేను బైబిలు తెరిచి చెయ్యి చాపాను. చీటీలు బైబిల్లో పెట్టడం, పిల్లలతో ఒకటి తీయించడం, మిగిలినవి విప్పకుండా పొయ్యిలో వేయడం మన సంఘంలో నీతోనే కదా మొదలైంది.

"ఆగండాంటీ. తీయకముందు ఇవి చూడండి," అని కవరులోని మూడు చీటీలూ విప్పి నా ఒళ్ళో పెట్టింది. బైపీసీ. బైపీసీ. బైపీసీ.

వెనక వరసలో మగపిల్లలు "అరె, ఫిక్సింగ్ రా ఇది!" అని అరిచారు. జాయ్స్ నవ్వలేదు. నా ముఖంలోకే చూస్తూ అడిగింది.

"కిరణన్న చీటీలు ఎవరు రాశారాంటీ?"

నాయనా, ఆ పదకొండు మంది పిల్లల ముందు నేను చెప్పింది, రెండేళ్ళ క్రితమే నీకు చెప్పాల్సింది. నేనే రాశాను. మూడింటిలోనూ ఎంపీసీ అనే రాశాను.

ఆ శుక్రవారం గుర్తు చేసుకో. పొద్దుటి నుంచీ మనం ముగ్గురం ఉపవాసం. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. అమ్మమ్మ మంచం పట్టినప్పుడు ఆ తల్లి పుళ్ళు కడిగి, మందు రాసి, పక్కకు తిప్పి పడుకోబెట్టినవాడివి నువ్వు. నీకు బైపీసీ కావాలని, నర్సింగ్‌కు పోవాలని నాకు తెలుసు. నువ్వు చీటీ తీశావు, చదివావు, నీ ముఖం పాలిపోయింది. "దేవుడు చెప్పాడు కదా అమ్మా, సరే" అన్నావు. ఆ తర్వాత చిన్నపిల్లాడిలా అడిగావు. "మిగతా రెండూ ఒక్కసారి విప్పి చూద్దామా?"

అప్పుడు నేను నీ మూతి మీద కొట్టాను. "దేవుణ్ణి పరీక్షిస్తావా" అన్నాను. నీ పెదవి పంటికి తగిలి చిట్లింది, తెల్లచొక్కా మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. పాస్టరుగారు కూడా అదిరిపడ్డారు. దయామణి ఇంత భక్తిగల మనిషా అనుకొని ఉంటారు. భక్తి కాదు నాయనా. ఎక్కడ విప్పుతావోనన్న భయం. నిన్ను ఈ ఇంట్లో మొట్టమొదట కొట్టింది నాన్న కాదు, నేను. పైపూ, బెల్టూ, గ్రిల్లూ అన్నీ ఆ దెబ్బ వెనకాలే వచ్చాయి. హాస్టలుకు వచ్చినప్పుడు నీ పిక్కల మీద వాతలు చూసి కూడా "దేవుడు పెట్టిన చోట ఓర్చుకో" అని నేనే అన్నాను.

ఎందుకు చేశావమ్మా అంటే, చెప్పడానికి ఒక కారణం ఉంది. అది చాలదు, అయినా చెబుతాను. నీ పదో తరగతి రిజల్టు వచ్చిన వారమే, క్రెష్ బండిలో వస్తూ హైటెక్ సిటీలో నాన్న కాపలా కాసే ఆఫీసు గేటు దగ్గర ఆగాము. మెడలో కార్డు వేసుకున్న కుర్రాడొకడు, నిండా పాతికేళ్ళు ఉండవు, గేటు ఆలస్యమైందని కారు దిగి నాన్న కాలరు పట్టుకొని చెంప మీద కొట్టాడు. నాన్న సెల్యూట్ చేసి గేటు తీశారు. నేను చూసినట్టు ఆయనకు ఈరోజుకీ తెలియదు. నా కొడుకు ఆ కారులో ఉండాలి, ఆ గేటు దగ్గర కాదు అనుకున్నాను. ఆ కోరికను దేవుడి నోట్లో పెట్టాను.

దేవుణ్ణి నమ్మి ఉంటే చీటీ మీద వేరు వేరు పేర్లు రాసేదాన్ని. నమ్మలేదు కాబట్టే ఒకటే రాశాను. పదేళ్ళుగా పిల్లలకు విశ్వాసం గురించి పాఠం చెబుతున్నదాన్ని నేను!

నిన్న నేను చెప్పింది విన్నాక, జాయ్స్, "మరి మాకు దేవుడు ఎలా చెబుతాడాంటీ?" అంది.

"పూర్తిగా నాకు తెలియదమ్మా. నెమ్మదిగా చెబుతాడు, ఎదురుచూడాలి. కొట్టి మాత్రం చెప్పడు," అన్నాను. క్లాసు అవగానే దాన్ని వెంటపెట్టుకొని వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న దాన్ని లోపలికి లాగి నా ముఖం మీద తలుపేశారు. తలుపు అవతలి నుంచి ఆ పిల్ల "నేను బాగానే ఉన్నానాంటీ" అని అరిచింది. ఈ సాయంత్రం పాస్టరుగారిని తీసుకొని మళ్ళీ వెళ్తాను.

అక్కడి నుంచి వచ్చి నాన్నకు చెప్పాను. అప్పటిదాకా చీటీల సంగతి ఆయనకు తెలియదు, కిరణ్. ఆయన నిజంగానే నమ్మారు. దేవుణ్ణి కాదంటున్న కొడుకును కొడుతున్నాననే అనుకున్నారు. విన్నాక లేచి నా చెంప మీద కొట్టారు. కుట్లు ఉన్న చేతితోనే. నేను గోడకు తగిలి పడ్డాను. రెండోసారి ఎత్తిన చెయ్యి నా మీద పడలేదు, గోడ మీద పడింది. కుట్లు రెండు తెగి కట్టు ఎర్రబడింది. అలాగే గోడను ఆనుకొని కిందికి జారి కూర్చున్నారు. ఆ కట్టు వైపే చూస్తూ అడిగారు.

"అయితే దయామణీ, నేను ఎవరి మాట మీద కొట్టాను వాణ్ణి?"

నా మాట మీద అని చెప్పాను. ఆయన కొట్టడం నా తప్పు అని నేను అనడం లేదు. ఆ చెయ్యి ఆయనది, దానికి లెక్క ఆయనే దేవునికి చెప్పుకోవాలి. ఇవాళ పొద్దున డ్యూటీకి బెల్టు పెట్టుకోకుండా వెళ్ళారు. బెల్టు మేకుకు వేలాడుతూనే ఉంది. ఇంత మాత్రానికి మనిషి మారిపోయారని నీకు రాయను. ఇంకెప్పుడూ నీకు నేను అబద్ధం చెప్పను.

అందుకే ఇంటికి రావద్దు నాయనా. పదిహేనున బండెక్కవద్దు. నువ్వు లేకపోతే నాకు ఇల్లు ఇల్లులా లేదు, అయినా రావద్దంటున్నాను. నీ మీద పడిన ఒక్క దెబ్బ కూడా దేవుడు వేసింది కాదు. నువ్వు దేవుని నుంచి పారిపోలేదు, మా నుంచి పారిపోయావు. ఇన్నాళ్ళూ నిన్ను తరిమిన గొంతు నాది.

ఆ రోజు మిగిలిన రెండు చీటీలు నేను పొయ్యిలో వేయలేదు. వేయబోతే చెయ్యి రాలేదు, ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది. పాటల పుస్తకం అట్ట కింద దాచాను. ఈ కవరులో పెడుతున్నాను. ఆ రోజు చూద్దామన్నావు కదా. విప్పి చూసుకో.

నీ ఫారం కూడా పెడుతున్నాను, చించలేదు. మూలన ఉన్న గోధుమరంగు మరక నాన్న నెత్తురు. తడిగుడ్డతో తుడిస్తే అచ్చు పోతుందని వదిలేశాను. ఏ గ్రూపు చదివినవాళ్ళయినా చేరవచ్చని వెనక రాసి ఉంది, రెండుసార్లు చదివాను. తండ్రి లేక తల్లి సంతకం అన్న చోట నేను చేశాను. పైన ఉన్న గళ్ళన్నీ ఖాళీగానే ఉంచాను. అవి నువ్వు నింపాలా, వద్దా అనేది ఈసారి నేను చెప్పను. చీటీలూ వేయవద్దు. ఆ వార్డులో నీ చేతి కింద పడుకున్నవాళ్ళ ముఖాలు చూడు, మామయ్యను అడుగు, మోకరించు, తొందరపడకుండా విను. నర్సింగ్ కాదు, లెక్కలే అని నీ మనసుకు తోచినా నాకు సమ్మతమే. అది నువ్వూ దేవుడూ మాట్లాడుకొని తేల్చుకున్నదైతే చాలు.

ఫారం పన్నెండో తారీఖు లోపల ఇవ్వాలట కదా, అందుకని స్పీడు పోస్టు చేస్తున్నాను. కవలలు లేచారు, కొరికేవాడు అప్పుడే నా వైపు పాకుతున్నాడు. నన్ను క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు. నీకు ఎప్పుడు వీలైతే అప్పుడు. మణికట్టుకు వేడినీళ్ళ కాపడం పెట్టుకో.

ఇట్లు,
మూడు చీటీలూ రాసిన నీ అమ్మ,
దయామణి.