తోట నాది కాదన్నవాడి చివరి ఏర్పాట్లు

నూజివీడు శివారులో నివసిస్తూ, గ్రంథాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైన డెబ్బై ఎనిమిదేళ్ల మేడిది సువర్ణరాజు అనే నేను స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. నాకు మతి చలించలేదు. భయం వేస్తోంది. రెండూ వేరు. నా కొడుకు చార్లెస్ రేపు కోర్టులో ఈ రెంటినీ ఒకటిగా చూపించబోతాడు కనుక మొదటి పేరాలోనే రాసిపెడుతున్నాను. ఎవరి ప్రోద్బలమూ లేదు. మత్తు మాట అటుంచి, మా మోర్మన్ క్రైస్తవ సంఘంలో టీ కూడా తాగం. ఈ వేసవి దాటడం కష్టమని గుండె డాక్టరు అన్నాడు. ఇంతకుముందు రాసిన నాలుగు వీలునామాలూ నేనే చింపేశాను కనుక ఇదొక్కటే చెల్లుతుంది.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత ఉంగుటూరులో టీచరుగా ఉన్న నా కూతురు సుసన్నాది. మా ఇంట్లో కాగితం పూర్తిగా చదివి సంతకం పెట్టే మనిషి ఆమె ఒక్కతే. నేనుంటున్న ఇల్లు, కారు ఆమెకే. వాళ్లమ్మ లీదియా మామిడి తాండ్ర పోసిన ఈతచాప కూడా ఆమెదే. దాని మీద పసుపు మరకలు ఇంకా ఉన్నాయి. కడగవద్దు.

2. చార్లెస్‌కి హనుమాన్ జంక్షన్‌లో వాడు పురుగుమందులు అమ్ముతున్న దుకాణం, వెనక వాటాతో సహా. కొడుకు కనుక ఇస్తున్నాను, వాదనలో గెలిచాడని కాదు. మేమిద్దరం చదివేది ఒకే మోర్మన్ లేఖనం. విశ్వాసులు ఆస్తులన్నీ ఉమ్మడిగా పెట్టుకుని, బీదవాడన్నవాడు లేకుండా రెండు వందల ఏళ్లు బతికారని అందులో ఉంది. ఎంచుకునే స్వేచ్ఛ మనిషికి దేవుడే ఇచ్చాడనీ, దాన్ని లాగేసుకోవాలని సైతాను చూశాడనీ ఉంది. నేను మొదటిది పట్టుకున్నాను, వాడు రెండోది. "సోషలిజం సైతాను ప్లాను నాన్నగారూ. మెడ మీద కత్తి పెట్టి మంచి చేయిస్తానన్నది సైతానేగా? మీకు ఇవ్వాలనుంటే ఇవ్వండి, ఎవరొద్దన్నారు?" అన్నాడు పదిమందిలో. ఆ చివరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే వాణ్ణి క్షమించలేదు.

3. నా ఆర్థికశాస్త్ర పుస్తకాలన్నీ పాత స్నేహితుడు, కమ్యూనిస్టు పార్టీ మనిషి బసవపున్నారావుకి. "మీవాళ్ల ఉమ్మడి రెండొందల ఏళ్లు నడిచి, మావాళ్లది డెబ్బై ఏళ్లకే ఎందుకు కూలిందంటారు రాజుగారూ? మీవాళ్లకి దేవుడున్నాడు, మావాళ్లకి మీలాంటి తోటల ఆసాములు తగిలారు" అని నా ఎదుటే టీ చప్పరిస్తూ నవ్వేవాడు. అందుకు పగబట్టి పుస్తకాలు అరువివ్వడం మానేశాను. ఇతగాడు తన పనిమనిషికి ఒక్క మే డే నాడైనా సెలవిచ్చిన పాపాన పోలేదు. అది కూడా రికార్డులో ఉండాలి.

4. ఇది ఆస్తి కాదు, వాంగ్మూలం. 2024 మే నెల మొదటి ఆదివారం మా ఉపవాస దినం. రెండు పూటలు మానేసి, ఆ తిండి ఖరీదు బీదలకిచ్చే రోజు. ఆ రోజు చర్చి క్లాసులో గంటసేపు మాట్లాడాను. బీదవాడు తన గతి తానే తెచ్చుకున్నాడంటూ చెయ్యి ముడుచుకునేవాడికి, పశ్చాత్తాపపడకపోతే, దేవుని రాజ్యంలో చోటు లేదని లేఖనం చూపించి చార్లెస్ నోరు మూయించాను.

ఆ మంగళవారమే, కాయ కోసే కూలీ రాములు నా తోటలో చిన్నరసాల మామిడిచెట్టు మీంచి పడ్డాడు. అతని భార్య కృష్ణవేణి పరుగెత్తుకొచ్చి, "కారు పంపండయ్యగారూ, బెజవాడ తీసుకెళ్లాలంట" అంది. మా వైపు తోటని పూత మీదే అమ్మేస్తాం. కాయ దిగేదాకా తోట కొన్నవాడిదే, కూలీలూ అతని మనుషులే. నేను గుమ్మంలోంచి కదలకుండా, "ఇప్పుడు తోట నాది కాదమ్మా, కొన్నాయన్ని అడుగు. అయినా కల్లు తాగి ఎక్కితే పడక ఏమవుతాడు?" అన్నాను. కారు షెడ్డులోనే ఉంది. కొన్నాయన సాయంత్రానికి గాని రాలేదు. రాములు ఆ రోజు తాగలేదట. తాగి ఉన్నా నా పాపం తగ్గదు. అతని కాళ్లు పడిపోయాయి. ఆలస్యం వల్లేనని డాక్టర్లు చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

చట్టం నా పక్షమే. నాకు నరకాగ్ని అంటే భయం లేదు, దాని గురించి చాలా చదివాను. పైకి వెళ్లాక దేవుడు ఏమీ అడగకుండా ఆ ఆదివారపు నా క్లాసునే నాకు తిరిగి వినిపిస్తాడేమోనని భయం.

5. చింపిన నాలుగింటిలోనూ తోట కృష్ణవేణికే రాశాను. గుండెలో నొప్పి వచ్చినప్పుడల్లా రాయడం, తగ్గగానే చింపడం. పది రోజుల కిందట, నేను పోయాక తోట నీదేనని ఆమెకి చెప్పాను. దండం పెడుతుందనుకున్నాను. "మీరు పోయాక మాకెందుకండీ? ఆయన మంచం మీదున్నది ఇప్పుడు గదా. మీరెప్పుడు పోతారా అని చూస్తా కూర్చోమంటారా?" అని పేడతట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు అప్పుడు తెలిసింది, చచ్చాక ఇచ్చేది ఇవ్వడం కాదని. మోసుకుపోలేక వదిలెయ్యడమని.

కనుక ఈ వీలునామాలో తోట లేదు. నా స్వార్జితమైన ఆరెకరాల పదిహేను సెంట్లూ, బోరూ, ఈ ఏటి పూతతో సహా ఈ ఉదయం కృష్ణవేణికీ రాములుకీ దానపత్రం రిజిస్టరు చేశాను. నాకు వెనక్కి తీసుకునే హక్కు లేదని అందులో రాయించాను, నా సంగతి నాకు తెలుసు గనక. రిజిస్ట్రారు ఆఫీసుకి రాములుని వెనక సీట్లో పడుకోబెట్టి కారు సుసన్నా నడిపింది.

భయపడి ఇచ్చింది ఇష్టపడి ఇచ్చినట్టేనా అని చార్లెస్ అడుగుతాడు. తెలియదురా. మెడ మీద కత్తి ఉన్న మాట నిజం. పట్టుకున్నది ప్రభుత్వం కాదు. సంతకం పెడితే భయం పోతుందనుకున్నాను, పోలేదు.

6. నన్ను లీదియా పక్కన పూడ్చాలి. చార్లెస్ ప్రసంగించకూడదు. ప్రార్థన చెయ్యవచ్చు. ఎంతసేపైనా చెయ్యనివ్వండి, నాకు అవసరం.

మా క్రైస్తవులకి వర్తించే చట్టం ప్రకారం, సాక్షి సంతకం చేసినవారికి ఆ వీలునామా కింద ఏమీ దక్కదు. అందుకే కృష్ణవేణిని సాక్షిగా రమ్మని అడిగాను. నా చావు కోసం ఎదురుచూడనక్కర్లేని మనిషి ఒకరైనా ఈ కాగితం మీద ఉండాలి.

నూజివీడు, 2025 ఫిబ్రవరి 18, మంగళవారం.

(సంతకం) మేడిది సువర్ణరాజు

సాక్షులు:
1. శ్రీమన్నారాయణ, దస్తావేజు లేఖరి
2. కృష్ణవేణి, రాములు భార్య (వేలిముద్ర వేయమంటే వద్దని, కూడబలుక్కుని సంతకమే చేసింది)