నీరసంగా పేలిన తూటా

తమ్ముడూ ఆర్విల్,

నీ కూతురు టెస్సా చేతివేళ్లకు వెల కట్టగలవా? తుపాకుల సంతలో మనిద్దరం కొన్న చవక తూటాలను ఈ ఉదయం గురి సాధనలో కాల్చాను. ఏడోది ‘టప్’మని నీరసంగా పేలింది. మళ్లీ ట్రిగ్గర్ నొక్కబోతుంటే పక్కనే గురి చూస్తున్న ముసలి మెర్ల్ అరిచాడు.

“ఆగవయ్యా బోధకుడా! గుండు గొట్టంలోనే ఇరుక్కుంది. ఇంకోటి కాలిస్తే పిస్తోలు చేతిలోనే పగిలిపోద్ది. తర్వాత బైబిలు పేజీలు కాలివేళ్లతో తిప్పుతావా?”

మిగతావి విప్పి చూస్తే రెండింటిలో తుపాకిమందే లేదు. ఇసుకమీద ఇల్లు కట్టినవాడి గురించి ఇరవై ఏళ్లుగా బోధిస్తున్న నేనే ఇత్తడి తళుకు చూసి మోసపోయాను. టెస్సా కాల్చేటప్పుడు చెవులకు మూతలు పెట్టుకుంటుంది, ఆ నీరసపు చప్పుడు దానికి వినబడదు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే మెర్ల్ చేత ఈ ఉత్తరం. మధ్యాహ్నం గురి పోటీకి అది బయలుదేరకముందే నువ్వు దానికిచ్చిన ఆ తూటాల డబ్బా లాక్కో. ఈరోజే, ఇప్పుడే లే!

నీ అన్న